చిన్నక్క చూసిన సముద్రం

మా ల్యాబులో కట్టుడు పళ్లు తయారవుతాయి. పంటి డాక్టర్లు రోగి నోటి కొలత తీసి పంపిస్తారు. దాన్నిబట్టి మేం ప్లాస్టరు అచ్చు పోస్తాం, మైనంతో చిగుళ్లు కట్టి పళ్లు పేరుస్తాం, అరగదీసి మెరుగు పెట్టి తిరిగి పంపేస్తాం. అవి ఎవరి నోట్లోకి వెళ్తాయో మాకు తెలియదు. డబ్బా మీద ఒక నంబరు, డాక్టరు పేరు, అంతే.

నా పక్క బల్ల చిన్నక్కది. పళ్లు పేర్చే పని ఆవిడదే. యాభై దాటిన మనిషి, బక్కపలచన, కళ్లజోడు ఎప్పుడూ ముక్కు చివరికి జారి ఉంటుంది. పని చేస్తున్నంతసేపూ ఆవిడ పెదవులు లోపలికి ముడుచుకునే ఉంటాయి, ఆ పళ్లేవో తన నోట్లోనే సరిచూసుకుంటున్నట్టు. ఆవిడ అసలు పేరు జీతాల రోజున తప్ప మాలో ఎవరూ పలికేవాళ్లం కాదు. పెద్దక్క ఒకావిడ ఉండబట్టి ఈవిడ మాకు చిన్నక్క అయింది.

పెద్దక్క ఆవిడ తోడబుట్టింది. మా వీధి చివర మందుల షాపులో క్యాషు దగ్గర కూర్చునేది. మధ్యాహ్నం కాగానే క్యారియరు పట్టుకుని మా ల్యాబుకు వచ్చేసేది. వెనక గదిలో ప్లాస్టరు బస్తాల పక్కన ఒక చిన్న బల్ల ఉంది. ఇద్దరూ అక్కడ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు. పెద్దక్క ఒళ్లు చేసిన మనిషి, గొంతు కూడా ఒంటికి తగ్గట్టే. ఆవిడ నవ్వితే మా బల్లల మీద అచ్చులు కదిలేవి. చిన్నక్క తినడం అయ్యాక చివరి ముద్ద అక్క గిన్నెలో పెట్టేది. అక్క దాన్ని చూడకుండానే, మాట్లాడుతూనే తినేసేది. ఎప్పట్నుంచో ఉన్న అలవాటనుకుంటాను. అడిగితే ఇద్దరూ ఆశ్చర్యపోయేవాళ్లు.

ఇద్దరికీ పెళ్లి కాలేదు. అక్కకు కానిదే చెల్లికి ఎలా అని ఇంట్లోవాళ్లు ఆగారు. చెల్లిని వదిలి ఎలా వెళ్తానని అక్క ఆగింది. ఇంతలో తండ్రి పోయాడు, తల్లి మంచాన పడింది, ఆ తర్వాత ఇక అడిగేవాళ్లే లేకపోయారు.

సముద్రం సంగతి మొదట ఆ తల్లి వల్లే వచ్చింది. ఆవిడకు ఊపిరి ఆడక అవస్థ పడుతుంటే, కొన్నాళ్లు సముద్రపు గాలికి తీసుకెళ్లి చూడమని డాక్టరు అన్నాడట. చిన్నక్క వాళ్లనూ వీళ్లనూ అడిగి ఒక చిన్న ఊరు కనుక్కుంది. అక్కడ ఒకావిడ తన మేడ మీద గదులు అద్దెకు ఇస్తుందని తెలిసి ఫోన్ చేసింది. వరండాలోంచి సముద్రం కనిపిస్తుందట, కింద మెట్ల దగ్గరే చేపల హోటలట. అంతా మాట్లాడి పెట్టుకున్నాక తల్లి ప్రయాణం చేసే స్థితిలో లేకపోయింది, ఆ చలికాలంలోనే కన్నుమూసింది. ఆ ఫోన్ నంబరూ, ఆ ఊరి కబుర్లూ మాత్రం అక్కాచెల్లెళ్ల దగ్గర ఉండిపోయాయి.

అప్పట్నుంచి ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లకదే పని. ఓసారి నేనేదో పనిమీద వాళ్లింటికి వెళ్లినప్పుడు చెవులారా విన్నాను. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పెద్దక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. చిన్నక్క కిటికీ దగ్గర కూర్చుని బట్టలకు గుండీలు కుడుతోంది.

"మొదటిరోజు ఏం చేద్దామే?" అంది పెద్దక్క.

"ఏం చేయం. సామాను పడేసి, కాళ్లు కడుక్కుని వరండాలో కూర్చుంటాం."

"పొద్దున్నే లేవాలా?"

"లేస్తే చంపేస్తాను. ఎండ మొహం మీద పడేదాకా ఎవరూ కదలకూడదు."

"తిండి?"

"పడవలు రాగానే అప్పటికప్పుడు వేయించి పెడతారట. ఎప్పుడు దొరికింది అప్పుడే."

"పీతలు ఉంటాయన్నావు గదా?"

"ఉంటాయి. కనుక్కున్నాను."

"మళ్లీ కనుక్కో," అంది పెద్దక్క, కళ్లు మూసుకుని.

పెద్దక్కకు తిండి యావ. చిన్నక్క మనసంతా లైట్‌హౌసు మీద. రెండోరోజు ఏరు సముద్రంలో కలిసే మొగలో పడవ షికారు, మూడోరోజు లైట్‌హౌసు, నాలుగోరోజు ఉప్పు మడులు, మధ్యలో ఎక్కడ నిద్రొస్తే అక్కడ నిద్ర. ఇదంతా ఇద్దరికీ నోటికి వచ్చేసింది. ఏటా ఎండలు తగ్గే వేళకు చిన్నక్క ఆ గదుల ఆవిడకు ఫోన్ చేసేది. "ఏమ్మా, ఈసారైనా వస్తున్నారా, లేక నా గొంతు విందామని చేశారా?" అనేదట ఆవిడ. ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఒకసారి పెద్దక్క మోకాలు, ఒకసారి ఇంటి పైకప్పు కారడం, ఒకసారి మా ల్యాబులో తెమలని పని. వాయిదా పడిందని ఇద్దరిలో ఎవరూ పెద్దగా బాధపడినట్టు నాకు కనిపించలేదు. వచ్చే ఆదివారం మళ్లీ మొదటిరోజు నుంచి మొదలుపెట్టేవాళ్లు.

రోగులు మా ల్యాబుకు రారు. ఒకరోజు మాత్రం ఒకాయన వచ్చాడు. పొడుగాటి మనిషి, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, భార్య పోయి చాలా కాలమైంది. డాక్టరు ఊళ్లో లేకపోతే కాంపౌండరు మా అడ్రసు ఇచ్చి పంపాడట. జేబురుమాల్లోంచి పళ్ల సెట్టు తీసి చిన్నక్క బల్ల మీద పెట్టాడు.

"ఇవి నోట్లో ఉన్నంతసేపూ నాకు వేరేవాళ్ల ఇంట్లో అద్దెకున్నట్టుందమ్మా," అన్నాడు, పళ్లు లేని నోటితో.

చిన్నక్క నవ్వు ఆపుకుంటూ సెట్టు అందుకుంది. అది తను పేర్చినదే. ఎక్కడ నొక్కుతోందో అడిగి, ఒకచోట అరగదీసింది, ఇంకోచోట మెరుగు పెట్టింది. ఆయన పెట్టుకుని దవడలు ఆడించాడు. అప్పుడే క్యారియరుతో పెద్దక్క వచ్చింది.

"ఏదైనా కొరికి చూడండి," అంది చిన్నక్క.

కొరకడానికి ఏముంది? పెద్దక్క క్యారియరు పై గిన్నెలోంచి జామకాయ తీసి ఇచ్చింది. ఆయన కరుక్కున కొరికాడు. నమిలాడు. మళ్లీ కొరికాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్లు పోయాక మళ్లీ జామకాయ కొరుకుతాననుకోలేదన్నాడు. కాయ మొత్తం అయ్యేదాకా ఆగలేదు. ఇంకోటి ఉందా అని అడిగాడు. పెద్దక్క పకపకా నవ్వింది, మా అచ్చులు కదిలాయి. ఆయనా నోరారా నవ్వాడు.

"అవి అంత బాగా కుదిరాయని నాకూ అప్పుడే తెలిసింది," అంది చిన్నక్క తర్వాతెప్పుడో. హాస్యానికి అందో, నిజంగానే అందో తేల్చుకోలేకపోయాను.

డ్రైవరు గారి ఇల్లు ఊరికి అటు చివర. ఆ ఇంటి కిందే మందుల షాపు ఉంది. అయినా ఆయన బీపీ మాత్రల కోసం రెండు బస్సులు మారి మా వీధికి రావడం మొదలుపెట్టాడు. అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ పెద్దక్క అంది, "నీకొకటి చెప్పాలే."

"డ్రైవరు గారి సంగతేగా."

"నీకెలా తెలుసు?"

"షీటు మొత్తం కొనుక్కోకుండా రోజుకో మాత్ర కొనుక్కుంటున్నాడని నువ్వే చెప్పావు కదక్కా."

పెద్దక్క నవ్వబోయి ఏడ్చేసింది. "నువ్వు వద్దంటే ఇక్కడితో మానేస్తాను," అంది.

"ఈ వయసులో నన్నడిగి చేస్తావా? చేసుకో."

"ఒక్కదానివీ ఉండగలవా?"

"గోడలు నన్నేం తినేయవులే," అంది చిన్నక్క, చేతిలో దుప్పటి మడత చెదిరిపోతే మళ్లీ మొదట్నుంచి మడుస్తూ.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి జరిగింది. సాక్షి సంతకాల్లో ఒకటి నాది. పెద్దక్క ఊరి అటు చివరికి వెళ్లిపోయింది, దూరమని షాపు మానేసింది.

వెనక గదిలో బల్ల దగ్గర చిన్నక్క ఒక్కతే కూర్చోవడం చూడలేక మా దగ్గరికి పిలిచాం. వచ్చి కూర్చునేది. మా మాటలకు నవ్వేది కూడా. చివరి ముద్ద దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం ఆగేది. తర్వాత తనే తినేసేది. "ఇల్లెలా ఉంది చిన్నక్కా?" అని ఓసారి అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది: "పొద్దున దువ్వెన ఎక్కడ పెట్టి వస్తానో, సాయంత్రం వెళ్లేసరికి అక్కడే ఉంటోంది."

అక్కాచెల్లెళ్లు పోట్లాడుకునేది ఆ దువ్వెన గురించేనని నాకు తెలుసు.

ఏడాది తిరక్కుండా ఒకరోజు పెద్దక్క ఫోన్ చేసింది. ఆ గొంతు నా బల్ల దాకా వినిపించింది. "మన సముద్రం సంగతి ఆయనకు చెప్పానే! మొదటిరోజు ఏం చేయం అన్నాను చూడూ, ఎగిరి గంతేశాడు. ముగ్గురం వెళ్దాం."

"మీరిద్దరూ వెళ్లిరండి అక్కా. నాకు పనుంది."

"నువ్వు లేకుండానా? లైట్‌హౌసు ఎక్కేదెవరే? నావల్ల కాదు, నా మోకాలు ఒప్పుకోదు. నువ్వే ఆవిడకు ఫోన్ చెయ్, నాకు ఆ మాటలు చేతకావు."

చిన్నక్క కాసేపు అచ్చును అటూ ఇటూ తిప్పి, ఆ గదుల ఆవిడకు ఫోన్ చేసింది. ఈసారి నిజంగానే వస్తున్నామని, రెండు గదులు కావాలని చెప్పింది.

"ఎప్పుడూ ఇద్దరమనేవాళ్లు కదమ్మా?"

"ముగ్గురం వస్తున్నాం."

"మూడో ఆవిడెవరు?"

చిన్నక్క అచ్చును బల్ల మీద పెట్టేసింది. "నేనే," అంది.

తర్వాత జరిగిందంతా తిరిగొచ్చాక ఆవిడే చెప్పగా నాకు తెలిసింది. రైలు దిగి టాక్సీ ఎక్కారు. బావగారు ముందు సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నారు. "దిగేసరికి నీకంటే ఆయన కాలే ఎక్కువ అలిసిపోతుంది బాబూ," అని పెద్దక్క టాక్సీవాడితో అంటే, వాడు నవ్వు ఆపుకోలేక బండి పక్కకు ఆపాడట. అందరూ నవ్వారు. ప్రయాణం బాగానే సాగింది.

మేడ మెట్ల దగ్గర గదుల ఆవిడ ఎదురొచ్చింది. ఇన్నేళ్లూ ఫోన్‌లో విన్న మనుషులను చూడబోతున్నానని ఆవిడకూ సంబరమే. పెద్దక్క ముందు నడుస్తూ, "వచ్చేశామండీ, ఈసారి నిజంగా వచ్చేశాం!" అని గట్టిగా అంది. ఆవిడ పెద్దక్క రెండు చేతులూ పట్టుకుంది. "గొంతు విని ఎంత సన్నగా ఉంటారో అనుకున్నానమ్మా! ఇన్నాళ్లకా రావడం?" అంటూ దగ్గరికి తీసుకుంది. పెద్దక్కకు అందులో తేడా ఏమీ తోచలేదు, ఇద్దరి మాటా ఒకటే కదా అనుకునే మనిషి. చిన్నక్క వెనక నిలబడి సంచులు లెక్కపెట్టినట్టు నటించింది. ఫోన్ చేసేది నేనండీ అని అప్పుడే చెప్పాల్సింది. ఆ క్షణం దాటిపోయాక ఇక చెప్పడం బాగోదనిపించింది.

ముందు గది దంపతులకు ఇచ్చారు. చిన్నక్కకు వెనక గది వచ్చింది. దాని కిటికీ తెరిస్తే పక్కింటి గోడా, ఆ గోడ మీద ఆరేసిన వలా కనిపించేవి. సముద్రం చప్పుడు మాత్రం వినిపించేది. వరండాలో రెండు కుర్చీలున్నాయి. బావగారు కిందికి వెళ్లి తనకోసం ఒక స్టూలు మోసుకొచ్చారు. "మీరిద్దరూ కుర్చీల్లో కూర్చోండి, మరదలు గారూ. నాకు డ్రైవరు సీటు అలవాటే, వెనక ఆనుకోవడం రాదు," అన్నారు. ఆయన మంచివాడు. కాకపోతే ఎంతసేపని ఒక పెద్దమనిషిని స్టూలు మీద కూర్చోబెడతాం? చిన్నక్క నిద్రొస్తోందని లేచి వెనక గదిలోకి వెళ్లిపోయింది. నిద్రేం రాలేదు. వరండాలో వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. "మొదటిరోజు ఏం చేయం," అంటోంది పెద్దక్క. "చేయకపోవడం ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో రిటైరయ్యేవాణ్ని," అంటున్నారాయన.

మర్నాడు బావగారు తెల్లారకుండానే లేచారు. జీవితమంతా మొదటి బస్సు నడిపిన మనిషికి అంతకంటే నిద్ర పట్టదు. ఎండ మొహం మీద పడేదాకా కదలకూడదన్న నియమం పెద్దక్కకు గుర్తే లేదు, ఆయనతోపాటు ఇసుకలో నడవడానికి వెళ్లిపోయింది. చిన్నక్క ఒక్కతే నియమం ప్రకారం పడుకుంది. వెనక గదిలోకి ఎండ రాదు. ఎప్పుడు లేవాలో తెలియక చాలాసేపు అలాగే ఉండిపోయింది.

పీతలు నిజంగానే ఉన్నాయి. కింద హోటల్లో పెద్ద పళ్లెం నిండా తెచ్చిపెట్టారు. బావగారు చిన్న రాయి తీసుకుని డెక్కలు చితక్కొట్టి కండ తీసి పెద్దక్క పళ్లెంలో పెడుతున్నారు. "మీకూ కొట్టి పెట్టనా మరదలు గారూ?" అన్నారు.

"వద్దు బావగారూ. నావి సొంత పళ్లే."

ముగ్గురూ నవ్వుకున్నారు. పీతలు బాగున్నాయి. పెద్దక్క మాట్లాడుతూనే ఆయన పెట్టింది తింటోంది, పళ్లెం వైపు చూడకుండానే. చిన్నక్క అది చూసి తల తిప్పుకుని సముద్రం వైపు చూసింది.

ఏటి మొగలో పడవ ఎక్కారు. పడవలో ఇద్దరికి ఒక పలక చొప్పున వేసి ఉంది. చిన్నక్క పడవవాడి దగ్గర కూర్చుంది. ఫోటోలన్నీ ఆవిడే తీసింది. దారినపోయే ఒకాయన, "మీరూ నిలబడండి, నేను తీస్తాను," అని తీసిన ఫోటో ఒక్కటే ముగ్గురిదీ. అందులో చిన్నక్క భుజం ఒకటి లేదు.

మూడోరోజు పొద్దున లైట్‌హౌసుకు బయలుదేరుతుండగా బావగారికి ఫోన్ వచ్చింది. ఆయన కూతురికి నెల తక్కువగానే నొప్పులు మొదలయ్యాయట, ఆస్పత్రికి తీసుకెళ్తున్నారట. ఆయన వెంటనే టాక్సీకి ఫోన్ చేశారు. పెద్దక్క అరగంటలో సంచులు సర్దేసింది.

"నీ బట్టలు కూడా సర్దెయ్యనా?" అంది వెనక గది గుమ్మంలో నిలబడి.

చిన్నక్క చెప్పుల పట్టీ పెట్టుకుంటూ ఉంది. "నేను రాను అక్కా."

"అంటే?"

"అక్కడ నేనేం చేస్తాను? కాన్పు చేస్తానా, పుట్టిన పిల్లకు పళ్లు కడతానా? మీరు వెళ్లండి. నేను అనుకున్న రోజుకు వస్తాను."

"ఒక్కదానివీ ఇక్కడ ఏం చేస్తావే?"

"లైట్‌హౌసు ఎక్కుతాను."

ఎప్పుడూ అక్క అన్నదానికి ఊఁ కొట్టిన మనిషి. పెద్దక్క ఇంకేదో అనబోయింది, కింద టాక్సీ హారన్ కొట్టింది. చిన్నక్క రోడ్డు దాకా వెళ్లి సంచులు ఎక్కించింది. టాక్సీ మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే నిలబడింది. ఎందుకు ఉండిపోయానా అని అప్పుడే అనిపించిందట.

గదుల ఆవిడ ఆవిణ్ని ముందు గదిలోకి మార్చింది. "గాలొస్తుంది, ఇక్కడుండండి," అంది. వరండాలో రెండు కుర్చీలు, ఒక స్టూలు. చిన్నక్క ఒక కుర్చీలో కూర్చుంది, కాసేపటికి ఇంకో కుర్చీలోకి మారింది. అక్కణ్నుంచీ అదే సముద్రం. లేచి లైట్‌హౌసుకు వెళ్లింది.

లోపల గుండ్రటి ఇనప మెట్లు. మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ పైకి చేరింది. గాలికి కళ్లజోడు ఎగిరిపోతుందేమోనని ఒక చేత్తో పట్టుకుని చూసింది. ఒడ్డున అంత హోరెత్తే అలలు అంత ఎత్తు నుంచి కనబడనే లేదు. సముద్రం మొత్తం పన్ను లేని నోరులా తెరుచుకుని ఉంది. ఆ పోలిక తట్టగానే ఆవిడకు నవ్వొచ్చింది. "అక్కా, ఇటు చూడవే!" అని పక్కకు తిరిగింది.

పక్కన ఎవరో కొత్తజంట. వాళ్లు తిరిగి చూశారు. చిన్నక్క గబగబా సంచిలోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకుంది. "ఆఁ అక్కా, పైకొచ్చేశాను... ఆఁ, బాగుంది... గాలి బాగా ఉంది," అని మూగ ఫోన్‌లో కాసేపు మాట్లాడింది. ఆ జంట దిగిపోయేదాకా మాట్లాడుతూనే ఉంది.

"ఎందుకలా చేశానో చెప్పు?" అని నన్నడిగింది.

ఆ మధ్యాహ్నం హోటల్లో తిండి సగంలో వదిలేసింది. గదికొచ్చి సంచి సర్దింది. అక్కకు ఫోన్ చేస్తే ఆస్పత్రి వరండాలో గోల, ఇంకా ఏమీ తేలలేదు, తర్వాత చేస్తానంది. చిన్నక్క సర్దిన సంచి మీద చెయ్యి వేసుకుని మంచం మీద కూర్చుంది. ఇంటికి వెళ్లినా ఉండేది ఒక్కతేనని గుర్తొచ్చింది. సంచి అలాగే ఉంచేసింది, విప్పలేదు, వెళ్లనూ లేదు.

మర్నాడు ఉప్పు మడుల వైపు నడిచింది. దారిలో ఇసుక దిబ్బ మీద పొడుగునా టార్పాలిన్ పరదాలు పరిచి చేపలు ఎండబెడుతున్నారు. వెండి ముక్కల్లాంటి సన్న చేపలు. చూస్తూ నిలబడింది. అంతలో సముద్రం మీద నల్లగా మబ్బు కమ్మింది. ఆడవాళ్లు తట్టలు పట్టుకుని పరుగులు తీశారు.

"ఏయ్, చూస్తూ నిలబడ్డావేంటి? ఆ కొస పట్టుకో!" అని ఎవరో అరిచారు.

తననే అని తెలియడానికి కాస్త టైము పట్టింది. సంచి పక్కన పడేసి పరదా కొస పట్టుకుంది. అవతల కొస పట్టుకున్నావిడ పెద్ద వయసు మనిషి, ముందు పళ్లు రెండు లేవు. అలవాటు కొద్దీ చిన్నక్క చూపు అక్కడికే పోయింది. ఇద్దరూ పరదా మడిచి చేపలన్నీ మధ్యకు తెచ్చి, తట్టల్లోకి గుమ్మరించి, రేకుల షెడ్డులోకి మోశారు. మళ్లీ ఇంకో పరదా. ఆఖరి తట్ట లోపలికి చేరేసరికి వాన దంచి కురిసింది. షెడ్డులో ఆడవాళ్లంతా ఒకళ్లనొకళ్లు ఒరుసుకుంటూ నిలబడ్డారు. రేకుల మీద వాన హోరుకు మాటలు వినపడడం లేదు. చిన్నక్క బట్టలన్నీ పొలుసులే. ఎవరో గ్లాసులో టీ పోసి చేతిలో పెట్టారు.

"ఎవరి తాలూకు నువ్వు?" అని అడిగింది పెద్దావిడ, చెవి దగ్గరకొచ్చి.

"ఎవరి తాలూకూ కాదు. ఊరు చూద్దామని వచ్చాను."

"ఒక్కదానివేనా?"

"ఇద్దరం అనుకుని, ముగ్గురం వచ్చి, ఒక్కదాన్నే మిగిలాను."

పెద్దావిడ పక్కవాళ్లకు చెప్పింది, వాళ్లు ఇంకొకళ్లకు చెప్పారు. షెడ్డంతా నవ్వు. చిన్నక్కకూ ఆపుకోలేనంత నవ్వు వచ్చింది, టీ ఒలికిపోయింది. వాన వెలిశాక చేపలన్నీ మళ్లీ పరవాలి కదా. పరిచేదాకా ఉంది. గదికొచ్చి ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల వాసన పోలేదు. ఆ సాయంత్రం హోటల్లో పెట్టిందంతా తినేసింది.

ఆఖరిరోజు పొద్దున మళ్లీ ఆ దిబ్బ దగ్గరికి వెళ్లింది. ఆకాశం తేటగా ఉంది. ఆడవాళ్లు ఎవరి వరసలో వాళ్లు వంగి చేపలు తిరగేస్తున్నారు. పెద్దావిడ తలెత్తి చూసి, చెయ్యి ఊపి, మళ్లీ పనిలో పడిపోయింది. వాన లేదు, హడావిడి లేదు, ఎవరికీ రెండు చేతులు ఎక్కువ అక్కర్లేదు. చిన్నక్క కాసేపు నిలబడి వెనక్కి నడిచింది. ఇంకాసేపు ఉండి ఉంటే పిలిచేవాళ్లేమో, తెలియదు అంది నాతో.

బయలుదేరేటప్పుడు గదుల ఆవిడ, "అక్కగారిని అడిగానని చెప్పండి. ఏటా ఫోన్ చేస్తూ ఉండమనండి," అంది. "చెప్తాను," అంది చిన్నక్క.

బావగారికి మనవరాలు పుట్టింది. తర్వాతి ఆదివారం పెద్దక్క, ఆయనా చిన్నక్క ఇంటికి వచ్చారు. పెద్దక్క కొంచెం తప్పు చేసినదానిలా ఉంది. "చెప్పవే, మేం వెళ్లాక ఏం చేశావు? లైట్‌హౌసు ఎక్కావా?" అంది. చిన్నక్క మొదలుపెట్టింది. ఇనప మెట్ల దాకా చెప్పిందో లేదో, ఫోన్‌లో మనవరాలి వీడియో వచ్చింది. పిల్ల ఆవలిస్తోంది. ముగ్గురూ తలలు దగ్గరపెట్టి చూశారు. రెండోసారి చూశారు. పిల్ల ముద్దుగానే ఉంది. ఆ తర్వాత మెట్ల సంగతి ఎవరూ అడగలేదు, చిన్నక్కా ఎత్తలేదు.

సోమవారం మధ్యాహ్నం వెనక గదిలో నాకు చెప్పింది. చెప్పడం ఆవిడకు సరిగా రాలేదు. ముందుది వెనక, వెనకది ముందు. చిన్నప్పట్నుంచీ ఏం జరిగినా అక్క పక్కనే ఉండేది, చూసేసేది, ఇక చెప్పాల్సిన పని ఎప్పుడు పడింది గనక? నేను మధ్యలో ప్రశ్నలు వేస్తూ కూర్చున్నాను. మా ఇద్దరి గిన్నెల్లో అన్నం ఎండిపోయింది. చేపల షెడ్డు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆవిడ లేచి నిలబడి, పరదా కొస ఎలా పట్టుకుందో నాకు చేతులతో చూపించింది.

మరుసటి ఏడాది ఎండలు తగ్గాక ఒకరోజు ల్యాబులో సెలవు అడిగింది. ఎక్కడికని నేను అడగలేదు. బయలుదేరే ముందురోజు నా పక్కనే కూర్చుని అక్కకు ఫోన్ చేసి చెప్పింది.

"ఇప్పుడా చెప్పేది?" అంది పెద్దక్క. ఎప్పట్లాగే నాకూ వినిపిస్తోంది. "ఆగు, ఆయన్ని అడుగుతాను. వచ్చే నెలైతే మేమూ..."

"వద్దక్కా. గది ఒకటే చెప్పాను."

"నా మీద కోపమా?"

"ఛ, కోపమేంటి."

"మరి ఒక్కదానివీ అన్ని రోజులు... బెంగగా ఉండదూ?"

"ఉంటుంది," అంది చిన్నక్క. "పోయినసారీ ఉంది. ఉండనీలే." కళ్లజోడు పైకి తోసుకుని, "పిల్లకు జ్వరం తగ్గిందా?" అని అడిగింది.